ఓరుగంటి ఆజంజాహీ మిల్లు



మేము సూర్యాపేట నివాసులము. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే బదిలీల వెంట మిర్యాలగూడయందు మూడేండ్లును, కోదాడయందు రెండేండ్లును కాపురముండి మరల ఈ యూరికే వచ్చి చేరితిమి. ఈ మూడు పట్టణములలోను మిల్లను మాట చెవిని బడినంతనే యెవరికైనను బియ్యపుమిల్లే తలపునకు వచ్చును. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిన నాటినుండి ఎడమకాలువ క్రింది నేలలు వరిపొలములైనవి. మిర్యాలగూడ చుట్టును బియ్యపుమిల్లులు బారులు తీరినవి. కావున క్రిందటి వేసవిలో మా అత్తగారు తమ పెట్టె యెండబెట్టుచు అడుగునుండి యొక తెల్లదుప్పటి తీసి, "ఇది మిల్లు దుప్పటి. మా నాయిన పనిజేసిన మిల్లుది" అని మురిసికొనగా, పదేండ్ల మా పిల్ల "బియ్యం మిల్లుల దుప్పట్లు గూడ జేస్తరా నానమ్మా?" అని యడిగినది. అందఱము నవ్వితిమి. నవ్వితిమి గాని, ఆ ప్రశ్నలో నవ్వవలసినదేమియు లేదని పిమ్మట తోచినది. ఓరుగంటి ఆజంజాహీ మిల్లు మూతపడి యిరువది యేండ్లు దాటినది. మిల్లనగా బట్టలమిల్లని యెఱిగినవారు మా యింట ఇపుడు ఆ పెద్దావిడ యొక్కతెయే.

దుప్పటి ముతకది, పోగు గట్టిది. ఒక చెఱగున నీలిముద్ర సగము చెరిగియున్నది. మా అత్తగారి పుట్టినిల్లు ఓరుగల్లు. ఆమె తండ్రిగారు ఆ మిల్లున నూలువడకు విభాగమున ముప్పది యేండ్లు పనిచేసి విరమించినవారు. పెండ్లినాడు కూతునకు పెట్టిన సారెలో ఈ దుప్పటి యొకటి. పిల్ల అంతటితో విడువక, "మన మూసీ కాడ అసొంటి మిల్లెందుకు పెట్టలె?" అని నానమ్మను నిలదీసెను. ఆమెకు తెలియలేదు, మాకును తెలియలేదు. తెలిసికొనగోరి మేము చదివినదియు, వినినదియు, పోయి చూచినదియు ఈ వ్యాసమున విన్నవించుచున్నాము.

పిల్ల యడిగినదానిలో న్యాయము లేకపోలేదు. నేతమిల్లునకును ఏటికిని పుట్టుకనాటి చుట్టఱికము గలదు. నీటిబలముచే నడచు నూలుమిల్లును ఆర్క్‌రైటు అను నతడు 1771లో ఇంగ్లండునందు డెర్వెంటు నదిలోయలో క్రాంఫర్డు అను పల్లెయందు స్థాపించెను. పాఱు నీరు చక్రమును త్రిప్పును, చక్రము కదుళ్లను త్రిప్పును. తరువాత ఆవిరియంత్రములు వచ్చినను బాయిలరునకు నీరు కావలెను, బట్ట చలువచేయుటకు నీరు కావలెను, రంగులకు నీరు కావలెను. మన తెలుగునాటను ఏటియొడ్డు మిల్లులు లేకపోలేదు. భీమునిపట్టణము చెంత గోస్తనీతీరమున చిట్టివలసయు, విజయనగరము చెంత చంపావతీతీరమున నెల్లిమర్లయు గోగునారతోను జనపనారతోను గోనెబట్ట నేసిన మిల్లులకు పేరుపడిన యూళ్లు. అందు చిట్టివలస మిల్లు 2009లో మూతపడినది. నిజాము రాజ్యముననే గోదావరి యొడ్డున నున్న నాందేడుపట్టణమున ఉస్మాన్‌షాహీ మిల్లు వెలసినది.

మా మూసీ మాత్రము అట్టి నిలుకడగల నది కాదు. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమ పాఱి, సూర్యాపేట ప్రక్కగా వచ్చి, మిర్యాలగూడ దిగువను వాడపల్లి కడ కృష్ణలో గలియు నీ యేఱు వానకాలమున పొంగుటయు, వేసవిని ఇసుకయై మిగులుటయు పెద్దలెఱిగినదే. 1963లో సోలిపేట కడ ఆనకట్ట పూర్తియైన పిదపనే మాకు నిలువనీరు దక్కినది. ఆ నీటిలో ఇపుడు హైదరాబాదు మురుగు కలసి వచ్చుచుండుటచే చీర జాడించుటకైనను మనసొప్పదు, అది వేఱుకథ.

అయినను ఓరుగల్లునకు ఆపాటి యేఱు కూడ ప్రక్కను లేదు. అది కాకతీయులు త్రవ్వించిన చెఱువుల పట్టణము. మఱి మిల్లచటికేల పోయెను? ఏటి పని ఇనుపదారి చేసినది. సికిందరాబాదునుండి ఓరుగంటికి 1886లోను, అచటినుండి బెజవాడకు 1889లోను రైలు నడచెను. ఆ 1889లోనే ఇల్లెందు కడ సింగరేణి బొగ్గు త్రవ్వుట మొదలైనది. 1929లో కాజీపేట బల్హార్షా మార్గము పూర్తికాగా ఓరుగల్లు ఢిల్లీకిని మదరాసునకును నడుమ రాచబాట మీద పడినది. బొగ్గు వచ్చుటకు, పత్తి వచ్చుటకు, బట్ట పోవుటకు అదియే తీరము, అదియే రేవు. సూర్యాపేటకు నేటికిని రైలు లేదు. మా పిల్ల ప్రశ్నకు జవాబింతే.

ఓరుగంటికి బట్ట మిల్లుతో వచ్చినది కాదు. మా యూరి చేరువనే పిల్లలమఱ్ఱి గలదు. అచటి గుళ్లు కట్టించిన రేచర్ల రెడ్లు కాకతీయుల సామంతులు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బట్టల పేర్లు పూసలవలె వరుసగా గ్రుచ్చి చెప్పినాడు. చిన్ననాట మా తండ్రిగారు ఆ ద్విపదలు చదివించునపుడు ఆ పేర్లకు మాకు నోరు తిరుగక విసుగుకొనెడివారము. వానిలో నేటి వాడుకలో మిగిలినవి కొన్నియే. ఈ దేశపు రాణి న్యాయశీలమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఇచటి సన్నబట్ట సాలెగూటి పోగువలె నుండుననియు, దానిని కట్టగోరని రాజు గాని రాణి గాని యుండరనియు మెచ్చినాడు. ఆ రాణి మన రుద్రమదేవియే. 1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనమునకు ఓరుగంటి తివాచీలు పోయినవి.

ఈ కీర్తియంతయు నేతగానిదని చెప్పుకొందుము. అందు తప్పు లేదు. అయినను ఒక్క లెక్క వేసి చూడుడని మా మనవి. 45 అంగుళముల పన్నా, 6 గజముల నిడివిగల చీరను తీసికొందము. అంగుళమునకు 48 పోగుల పడుగును, 48 పోగుల పేకయు ననుకొందము. పడుగునకు 2,160 పోగులు, ఒక్కొక్కటి 6 గజములు. వెరసి 12,960 గజములు. పేకకును సరిగా నంతయే. రెండును గలిపి 25,920 గజముల నూలు, అనగా దాదాపు 24 కిలోమీటర్లు. సూర్యాపేటనుండి కోదాడకు పోవు బాటలో సగము దాటినంత దూరము. ఒక చీర కట్టుకొనినపుడు అంత బాటను మనము నడుమునకు చుట్టుకొనుచున్నామన్నమాట. రాట్నము మీద గంటకు 300 గజములు తీయగల చేతికి ఇది 86 గంటల పని. వంటవార్పులు, పిల్లలు, పశువులు పోగా దినమునకు 4 గంటలు చిక్కెనేని మూడు వారములు. ఆ చీరను మగ్గము మీద నేసినది పురుషుడు. ఆ మూడు వారములు రాట్నము కడ కూర్చున్నది స్త్రీ. నూలు వడకుట యే యొక్క కులపువారి పనియు గాదు. గింజ తీయుట, ఏకులు చేయుట, వడకుట, నేతవారిండ్లలోనైన ఆసు పోయుట, కండెలు చుట్టుట, ఇవన్నియు ఆడువారి చేతిపనులే. మగ్గము ఒక్కటే కాని దాని వెనుక నెన్ని యిండ్లలోనో రాట్నములు తిరుగుచుండెడివి.

మిల్లు ఓరుగంటికి రాకమునుపే మిల్లునూలు వచ్చినది. మొదట సీమనుండి లాంకషైరు నూలు, పిదప బొంబాయి నూలు. బొంబాయిలో మొదటి బట్టలమిల్లు సంఘమును కావస్జీ దావరు 1854లో స్థాపించెను. హైదరాబాదులో 1877లోనే నూలుమిల్లు వెలసినది. నున్నగా, సమముగా, చౌకగా వచ్చు ఆ నూలుతో నేతగాడు తన మగ్గమును నిలుపుకొన జూచెను. వడుకు ఆడుదాని రాట్నము అటక యెక్కెను. మగ్గము చచ్చినదని చరిత్రలలో విరివిగా చదువుదుము. మగ్గము చాల దెబ్బలు తినియు పెక్కుచోట్ల బ్రతికినది. మా నల్లగొండసీమయందే పోచంపల్లి, పుట్టపాక నేటికిని నేయుచున్నవి. చచ్చినది రాట్నము. దానికై విలపించినవారు తక్కువ, ఏలయన ఆ సంపాదనము యింటిలోపలిది, ఏ లెక్కలోను వ్రాయనిది. గాంధీమహాత్ముడు దానికి మరల ప్రాణము పోయజూచెను. శ్రీకాకుళము చెంత పొందూరునందు ఆడువారు వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి సన్ననూలు వడకు విద్య యింకను నిలిచియున్నది. అట్టి యూళ్లను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

మా అత్తగారి నాయనమ్మకు రాట్నముండెడిదట. కొడుకు మిల్లున చేరి మొదటి జీతము తెచ్చిన నాడు ఆమె రాట్నమును మూలబెట్టి, కొన్నాళ్లకు దాని చక్రమును కోళ్లగంపపై మూతగా వేసెనట. ఈ సంగతి మా అత్తగారు నవ్వుచు చెప్పిరి. మాకు నవ్వు రాలేదు. అయినను ఆమె నాయనమ్మకు దుఃఖమైనట్లు కూడ ఎవరును చెప్పలేదు. మిల్లుజీతము నెలనెలకు వచ్చెడిది. రాట్నపు సంపాదన వచ్చినపుడు వచ్చెడిది.

మిల్లు పుట్టినది 1934లో. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను దానిని నెలకొల్పి పెద్దకుమారుడు ఆజంజా పేరు పెట్టెను. ఈ ఆజంజా 1931లో తురుష్కదేశపు కడపటి ఖలీఫా కుమార్తె దుర్రుషెహవారును ఫ్రాన్సుదేశమున నీసు పట్టణమందు పెండ్లియాడినవాడు. ఆ రాకుమారి పేర హైదరాబాదులో పిల్లల ఆసుపత్రి గలదు. పెనిమిటి పేర మిల్లు, భార్య పేర ఆసుపత్రి, ఆసుపత్రి నిలిచినది.

పత్తి పండు సీమలోనే పత్తి నూలయి, నూలు బట్టయి వెలువడుట ఈ మిల్లు గొప్ప. వడకుటయు నేయుటయు ఒక్క ప్రాకారములోనే. తనకు వలయు విద్యుచ్ఛక్తిని తానే పుట్టించుకొనెడిది. వేలమంది యందు పనిచేసి బ్రతికిరి. మూడు పాళ్లుగా మిల్లు నడుచుచుండ, పాళి మాఱినపుడెల్ల కూత వేయుదురు. ఆ కూతను బట్టి ఆ వాడలో పొయ్యి వెలిగించుటయు, పిల్లలను బడికి పంపుటయు, పాలు కాచుటయు జరిగెడిదని మా అత్తగారు చెప్పుదురు. ఆమెకు ఇప్పటికిని గడియారము చూచు నలవాటు తక్కువ.

లోపల జరుగు పనిని మిల్లు చూడని సోదరీమణులకు మన యింటి మాటలలో చెప్పుట మేలు. బేళ్లుగా నొత్తివచ్చిన పత్తిని మొదట విప్పి, దులిపి, చెత్త రాల్చు గది యొకటి. దూదేకుల వాని విల్లు చేయు పని అచట యంత్రము చేయును. పిమ్మట ఉక్కుముండ్ల దొడుగుగల పెద్ద దొర్లుడుచుట్టలు దూదిని దువ్వి, పోగులన్నిటిని ఒక్క దిక్కునకు తిప్పి, వ్రేలిలావు మెత్తని త్రాడుగా విడుచును. అదియే మన ఏకు, కాని తెంపులేని యేకు. ఆ త్రాళ్లను కొన్నిటిని జతచేసి సాగదీసి, మరల జతచేసి సాగదీసి సన్నము చేయుదురు. కడకు కదుళ్ల బారు కడకు వచ్చును. మన రాట్నమునకు కదురొక్కటి. మిల్లున ఒక్క పనివాడు వందలకొలది కదుళ్లను కనిపెట్టియుండును. ఇందాక లెక్కించిన 25,920 గజములు అతని చేతిక్రింద పావుగంటలో తయారగును. మూడు వారములెక్కడ, పావుగంట యెక్కడ!

ఆ పావుగంటలో ఆ మనుష్యుడు చేయునదేమనగా, తెగిన పోగును అతుకుట. పోగు తెగిన చోటికి నడచుట, కొస పట్టుట, బొటనవ్రేలి చూపుడువ్రేలి నడుమ మెలిపెట్టి కలుపుట, మరల నడచుట. పాళియంతయు నడకయే. గాలి పొడిగానున్న పోగులు తెగునని ఆ గదులలో తేమ పట్టియుంచుదురు. గాలినిండ దూదినూగు. మా అత్తగారి తండ్రి యింటికి వచ్చునప్పటికి కనుబొమలు, మీసము, చెవివెండ్రుకలు తెల్లగా నుండెడివట. "మా నాయిన ముసలోడైండని నేను ఏడ్సేదాన్ని, మొకం కడుక్కుంటె మళ్ల పడుచోడయ్యేది" అని ఆమె చెప్పినది. ఏండ్లతరబడి ఆ నూగు పీల్చిన రొమ్మునకు ఆయాసము పట్టుట నూలుమిల్లుల లోకమున నందఱెఱిగిన వ్యాధి. ముసలితనమున ఆయన దగ్గు వినినవాడై మా యింటివారును ఆ మాట చెప్పుదురు. మొకము కడిగిన పోవునది కాదది.

నేతభాగమునకు పోవు నూలును పెద్ద చుట్టలమీద పడుగుగా తోడి గంజి పెట్టుదురు. ఇంట ఆసు పోయుచు పడతులు నడచిన నడకయంతయు అచట ఇనుపచట్రమున నిమిడిపోయినది. నాడెను చేతితో విసరు పని లేదు. నాడెల చప్పుడులో మనిషిమాట మనిషికి వినబడదు, సైగలతోనే ముచ్చట.

ఇచట మేమొక సంగతి చెప్పకుండలేము. ఆడువారి చేతులలోనుండి తీసికొనిన పనిని మిల్లు ఆడువారికే యిచ్చినదా? హిందూదేశపు నూలుమిల్లులలో స్త్రీలకు నూలు చుట్టుట, చిలపలు కట్టుట, చెత్తదూది యేరుట వంటి పనులు దొరకినవి; కదుళ్ల బారును, మగ్గమును హెచ్చుభాగము పురుషులకే పోయినవి. రాత్రిపనిలో స్త్రీల నుంచరాదని నాటి చట్టము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము సాయంకాలము 7 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు స్త్రీలు పనిచేయుటను నిషేధించినది. దాని తలంపు మంచిది. మేము దానిని నిందింపము. 1961 నాటి ప్రసూతి చట్టమును అంతకంటె మంచిది. కాని మూడు పాళ్లు నడపు యజమాని, రాత్రికి పనికిరాని మనిషిని, కాన్పునకు జీతమీయవలసిన మనిషిని తీసికొనుట కంటె పురుషుని తీసికొనుటయే మేలని తలచెను. మంచి చట్టము మీదపడిన నీడ యిది. మూడు వారములు రాట్నము ద్రిప్పి చీరకు నూలిచ్చిన స్త్రీ, మిల్లు వచ్చినపిదప మిల్లువాని భార్యయై, మూడు పాళ్లకు మూడు వేళల వండు మనిషియైనది. రాత్రిపాళి చేసివచ్చినవాడు పగలు నిద్రపోవునపుడు పిల్లలను చప్పుడు చేయకుండ వీథిలో కూర్చుండబెట్టుకొనుటయు ఆ మిల్లు పనియే. జీతపుపుస్తకమున అది లేదు.

మిల్లువాడ రాజకీయములకును పేరుపడినది. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాదు కార్మికసంఘ మహాసభకు ఉర్దూకవి మఖ్దూం మొహియుద్దీను నాయకుడు. ఆ యేటనే జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగుటయు, మా సూర్యాపేట తాలూకా పల్లెలు మండుటయు జరిగినది. పాలకుర్తి ఐలమ్మ పంటను కాచుకొనిన తావు మా యూరినుండి ఓరుగంటికి పోవు దారికి చేరువనే. 1948 సెప్టెంబరు 17న సంస్థానము లొంగినది; రాజుపేరి మిల్లు పేరు మాత్రము మాఱలేదు.

ఆ మిల్లును 1974లో ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. ఆ యేటి చట్టముచే దేశమున రోగగ్రస్తములని యెంచిన 103 మిల్లులు జాతీయ వస్త్రసంస్థ క్రిందికి వచ్చినవి. తెలుగునాటినుండి ఆదవాని, తాడిపత్రి, రేణిగుంట, నిర్మల, సికిందరాబాదు మిల్లులతోబాటు ఆజంజాహియు నందొకటి. పేదలకు చౌకగా నిచ్చు కంట్రోలుబట్ట నేయు బరువు హెచ్చుగా నీ ప్రభుత్వపు మిల్లుల మీదనే పడెను. ధోవతులు, ముతకచీరలు, పొడుగుబట్ట. యంత్రములు పాతబడినవి. మరమగ్గములు ఎక్కడబడిన నక్కడ లేచి తక్కువ కూలికి, తక్కువ పన్నునకు బట్ట నేసినవి. 1982 జనవరిలో మొదలైన సమ్మెతో బొంబాయి మిల్లులే కూలిపోవ నారంభించినవి; ఓరుగంటి మాట చెప్పవలసినదేమి?

కాని తప్పంతయు దొరతనముదే యనుట మాకు సమ్మతము కాదు. మన పాలు గూడ గలదు. టెరికాటను వచ్చినది, నైలెక్సు చీర వచ్చినది. గంజి అక్కఱలేదు, ఇస్త్రీ అక్కఱలేదు, పిడికిట నిమిడిపోవును, యేండ్లకొలది చినుగదు. బావికాడ ముతకచీర పిండి పిండి రెట్టలు నొచ్చిన ఆడుది దానిని విడుచునా? మా తల్లిగారు విడువలేదు, మేమును విడువము. ఆ దుప్పటిని చేత పట్టుకొని ఈ వ్యాసము వ్రాయుచున్న మా ఒంటిమీద నున్నదియు మిశ్రమపు నూలే.

2002లో మిల్లు మూతపడినది. మిగిలిన పనివారు స్వచ్ఛంద విరమణము క్రింద సొమ్ము తీసికొని వెడలిరి. సొమ్ము వచ్చిన యింట మొదట జరుగు పని కూతురి పెండ్లి, రెండవది ఇంటిపైకప్పు, మూడవదానికి మిగులదు. పురుషుడు ఏబదియేండ్ల వయసున వాచ్‌మను పనికి తిరుగగా స్త్రీ కుట్టుమిషను ముందు కూర్చున్న యిండ్లు ఆ వాడలో పెక్కులని వింటిమి. జాకెట్లు కుట్టి, ఫాల్సు వేసి, పికో చేసి సంసారము గట్టెక్కించిన ఇల్లాండ్రను మా అత్తగారు వేళ్లమడిచి పేర్లతో చెప్పగలరు. నేతవారింటి పడుచువాండ్రు అంతకుమునుపే భివండికి, షోలాపూరునకు, సూరతునకు తరలుచుండిరి. ఓరుగంటి చుట్టుపట్టుల తెలుగునేతగాండ్రు అచట మరమగ్గముల మీద బ్రతుకుట మూడు తరముల కథ. పత్తి మన పొలముల పండును, అది నేయు మన చేతులు పరదేశమున నుండును.

ఈ మధ్య దసరా సెలవులలో తొఱ్ఱూరు, వర్ధన్నపేటల మీదుగ బస్సెక్కి మా అత్తగారితోను పిల్లతోను ఓరుగంటికి పోయితిమి. బంధువులను చూచుట పేరు. మిల్లును చూచుట పని. చూచుటకు మిల్లు లేదు. యంత్రములు పోయినవి, రేకులషెడ్లు కూల్చబడినవి, భూమిలో చాలభాగము ఇంటిస్థలములుగా నమ్ముడుపోయి మేడలు లేచినవి. జిల్లా కలెక్టరు కార్యాలయ సముదాయమునకును 2023లో ఆ మైదానముననే శంకుస్థాపన జరిగినది. మా అత్తగారు కొంగు నెత్తిన వేసికొని, ఇటు నడచి అటు నడచి, గేటు ఎచట నుండెనో చూపింప జూచిరి. పండ్లబండి నొకచోట చూపి యిదియేనని చెప్పి, నాలుగడుగులు వేసి, కాదు కాదని వెనుకకు వచ్చిరి. బండివాడు పడుచువాడు, మిల్లు మాట అతడెఱుగడు. ఆమె అతనియొద్ద అరడజను అరటిపండ్లు కొని వచ్చినది.

మఱునాడు బంధువులబ్బాయి గీసుగొండ దిక్కునకు తీసికొనిపోయెను. గీసుగొండ, సంగెము మండలముల నడుమ 2017 అక్టోబరు 22న పునాదివేసిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు అచట గలదు. సూరతునకును భివండికిని పోయిన నేతగాండ్రను మరల రప్పింతుమని ఆనాడు చెప్పిరి. 2023లో కేంద్రప్రభుత్వము దేశమున నెంచుకొనిన ఏడు మహావస్త్రవనములలో తెలంగాణమునకు వచ్చినది ఇదియే. పెద్దపెద్ద బాటలు, పెద్దపెద్ద షెడ్లు, నడుమ నింకను ఖాళీభూములు. ఒక కర్మాగారమున త్రాగిపాఱవేసిన నీళ్లసీసాలను కరిగించి నారగా తీయుదురని చెప్పగా మా పిల్ల నోరు తెఱచినది. పసిపిల్లల దుస్తులు కుట్టు కేరళ కంపెనీ వారి కట్టడమును దూరమునుండి చూచితిమి. అచటి పనిలో హెచ్చుమంది స్త్రీలేనని కంపెనీవారి మాట. మా అత్తగారు ఆ మాట రెండుమాఱులు అడిగి తెలిసికొనిరి. జీతమెంత, బస్సు పంపుదురా, రాత్రిపాళి యున్నదా, పసిబిడ్డల నెవరు చూతురు అని ఆమె వరుసగా నడుగుచుండ అబ్బాయి తలగోకికొనెను. ఆమె యడిగిన నాలుగింటిలో ఒక్కటియైనను మాకు తోచియుండలేదు. అవి మిల్లువాడలో పుట్టిన మనిషి ప్రశ్నలు.

పాళి వదలిన వేళ గాబోలు, బాటప్రక్కను నలువురు పడుచులు మెడలో గుర్తుచీటీలతో ఆటో కొఱకు నిలిచియుండిరి. ఒకతె కొంగున దారపు తునక యంటియుండెను. మా అత్తగారు ఆమెను పలుకరింపకయే, దగ్గఱకు పోయి, ఆ తునకను తీసి, వ్రేళ్ల నడుమ మెలిపెట్టి చూచి క్రింద విడిచిరి. ఆ పిల్ల విస్తుపోయి నవ్వినది. అంతలో ఆటో వచ్చెను.

ఇంటికి వచ్చిన పిదప మా పిల్ల దుప్పటిని తన మంచము మీద పఱచుకొందునని మారాము చేసినది. మా అత్తగారు ఒప్పుకొనలేదు. ఒక్క రాత్రికని బ్రతిమాలగా, ఒక్క రాత్రికని ఇచ్చిరి. తెల్లవాఱి మేము దానిని చన్నీట జాడించి, పలుచగా గంజిపెట్టి, నీడను ఆరవేసి, వేపాకు నడుమనిడి మరల పెట్టె యడుగున పెట్టితిమి. నీలిముద్ర మఱికొంత చెరిగినది.